మెషీన్ ఆగిపోయాక కాదు, ఆగకముందే: ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటే ఏంటి?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది ఫ్యాక్టరీల్లో మెషీన్ల మెయింటెనెన్స్ గురించి. టాపిక్ వినగానే కొంతమంది స్క్రోల్ చేసేద్దాం అనుకుంటారు, నాకు తెలుసు. కానీ మీరు ఐటీఐ చేస్తున్నా, డిప్లొమా చేస్తున్నా, బీటెక్ మెకానికల్, ఎలక్ట్రికల్ చేసి ఎక్కడ జాయిన్ అవ్వాలా అని చూస్తున్నా, ఇది మీకు పనికొచ్చే విషయం. ఇంట్లో నాన్నో, అన్నో, బాబాయో షాప్ ఫ్లోర్ మీద పనిచేస్తుంటే ఇంకా పనికొస్తుంది. ఎందుకంటే ఇది డబ్బులకి సంబంధించిన విషయం, దానికన్నా ముందు చేతివేళ్లకి సంబంధించిన విషయం.

నా గురించి రెండు ముక్కలు. నేను మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు చిన్న చిన్న యూనిట్లకి కాంట్రాక్ట్ మీద సర్వీస్ చేస్తున్నా. ఈ ఏరియా తెలియని వాళ్లకి ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం, మెట్రో. నాచారం అంటే పాతతరం వాళ్లకి రామకృష్ణా స్టూడియోస్. కానీ మెయిన్ రోడ్డు దిగి లోపలి గల్లీల్లోకి వెళ్తే ఐడీఏ ఉప్పల్, ఐడీఏ నాచారం అని బోర్డులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ మోల్డింగ్, ప్యాకింగ్, ఫార్మా, ఫుడ్, టూల్ రూములు, లేత్ వర్క్‌షాపులు, అన్నీ ఉంటాయి. పది మంది పనిచేసే షెడ్డు పక్కనే వందల మంది పనిచేసే ప్లాంట్ ఉంటుంది. చిన్నదైనా పెద్దదైనా ఒకే గేర్ బాక్స్, ఒకే బేరింగ్, ఒకే మోటార్. పాడయ్యే పద్ధతి కూడా ఒకటే.

మూడు రకాల మెయింటెనెన్స్

ముందు బేసిక్ క్లియర్ చేసుకుందాం. మీ చేతిలో ఫోన్ ఉంది కదా, దాంతోనే చెప్తా.

ఫోన్ పూర్తిగా ఆగిపోయాక షాపుకి తీసుకెళ్లారు. ఇది బ్రేక్‌డౌన్ మెయింటెనెన్స్. పాడయ్యాక బాగుచేయడం.

ఏమీ కాకముందే నెలకోసారి చార్జింగ్ పోర్ట్‌లో దుమ్ము తీస్తున్నారు, స్క్రీన్ గార్డ్ మారుస్తున్నారు, ఫొటోలు బ్యాకప్ తీసుకుంటున్నారు. ఇది ప్రివెంటివ్ మెయింటెనెన్స్. టైమ్ పెట్టుకుని లేదా వాడకాన్ని బట్టి, ముందే చేసే పని. వర్క్‌షాపుల్లో దీన్ని పొట్టిగా పీఎం అంటారు.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాటరీ హెల్త్ చూశారు. కొన్నప్పుడు 100 శాతం, ఇప్పుడు 79 శాతం. ఇక మార్చే టైమ్ వచ్చిందని నిర్ణయించుకున్నారు. ఇది ప్రెడిక్టివ్ మెయింటెనెన్స్. క్యాలెండర్ చూసి కాదు, వస్తువు పరిస్థితి చూసి చేసేది.

మూడూ అవసరమే. ట్యూబ్‌లైట్ కాలిపోయే వరకు ఆగి మార్చడంలో తప్పేం లేదు. కానీ బాయిలర్ సేఫ్టీ వాల్వ్‌ని పాడయ్యే వరకు ఆగి మారుస్తాం అంటే కుదరదు. ఏ మెషీన్‌కి ఏ పద్ధతి అని తేల్చుకోవడమే అసలు తెలివి.

ఒక చిన్న లెక్క

"అన్నా, నడుస్తున్న మెషీన్‌ని ఎందుకు ఆపాలె? సాయంత్రం లోడ్ పోవాలె." ఈ మాట నేను వినని యూనిట్ లేదు. చెప్పే సూపర్‌వైజర్ చెడ్డవాడేం కాదు. ఆయన మీద డిస్పాచ్ ప్రెషర్ ఉంటుంది. అందుకే ఆయనతో వాదించకుండా లెక్క చూపించాలి.

ఒక మెషీన్ గంటకి 800 రూపాయల పని ఇస్తుంది అనుకుందాం. రోజుకి 10 గంటలు నడుస్తుంది. దాని మోటార్ బేరింగ్ సౌండ్ చేస్తోంది. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న నంబర్లు, మీ యూనిట్ నంబర్లు మీరు వేసుకోండి.

ఆదివారం పొద్దున ఆపి మార్చేస్తే: బేరింగ్ 700, ఫిట్టర్‌కి 500. మొత్తం 1,200. ప్రొడక్షన్ నష్టం సున్నా.

మార్చకుండా నడిపితే: బేరింగ్ జామ్ అయింది, షాఫ్ట్ గీసుకుపోయింది, మోటార్ లోడ్ తట్టుకోలేక కాయిల్ కాలింది. బేరింగ్ 700, రీవైండింగ్ 6,000, షాఫ్ట్ వెల్డింగ్ కొట్టి లేత్ మీద సైజు తీయడానికి 3,000. రెండు రోజులు మెషీన్ లేదు కాబట్టి 20 గంటలు, 16,000. ఇద్దరు ఆపరేటర్లు రెండు రోజులు ఖాళీగా ఉన్నా జీతం ఇవ్వాలి, 2,800. మొత్తం 28,500.

1,200 ఎక్కడ, 28,500 ఎక్కడ! దాదాపు 24 రెట్లు. పైగా బేరింగ్ మనల్ని అడిగి పోదు. శనివారం రాత్రి పోయిందంటే, ఆదివారం రాణిగంజ్‌లో షట్టర్లు దించి ఉంటాయి. తెలిసిన షాపాయనకి ఫోన్ చేసి బతిమాలుకోవాలి. అందుకే పీఎంలో మొదటి పాఠం గ్రీజు కాదు, స్పేర్లు. ఏది పోతే లైన్ మొత్తం ఆగుతుందో ఆ బేరింగ్, ఆ బెల్టు, ఆ కాంటాక్టర్ ఒక్కోటి అల్మారాలో ముందే ఉండాలి.

మెషీన్లు అసలు ఎందుకు పాడవుతాయి?

చాలామంది "పాతదైపోయింది" అంటారు. పాతదవడం కారణం కాదండీ. నలభై ఏళ్ల లేత్ సాఫీగా నడవడం నేను చూశా, రెండేళ్ల మెషీన్ రోజూ ఏడవడమూ చూశా. నా అనుభవంలో మళ్లీ మళ్లీ కనిపించే కారణాలు ఐదు: దుమ్ము, వేడి, వదులు, తప్పు గ్రీజు, అలైన్‌మెంట్ తేడా.

వేడి సంగతి చూడండి. మోటార్ లోపల వైండింగ్ మీద ఇన్సులేషన్ ఉంటుంది. అది తట్టుకోగలిగిన వేడి కన్నా ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రికల్ వాళ్లు ఒక సూత్రంగా చెప్తారు. ఇప్పుడు మన హైదరాబాద్ ఎండాకాలం ఊహించుకోండి. బయటే 40 డిగ్రీలు దాటింది, పైన రేకుల షెడ్డు, మోటార్ ఫ్యాన్ కవర్‌కి దుమ్ము, నూలు పోగులు పట్టుకుని గాలి ఆడట్లేదు. మే నెలలో రీవైండింగ్ షాపుల దగ్గర మోటార్లు లైన్‌లో ఎందుకుంటాయో అర్థమైందా? బ్రష్ పెట్టి రెండు నిమిషాలు ఆ కవర్ తుడిస్తే చాలు. పైసా ఖర్చు లేదు.

కరెంట్ కూడా అంతే. త్రీ ఫేజ్‌లో మూడు ఫేజ్‌ల వోల్టేజ్ సమానంగా ఉండాలి. 3 శాతం తేడా వచ్చినా మోటార్ టెంపరేచర్ పెరుగుదల సుమారు 18 శాతం ఎక్కువవుతుంది. ఆ శాతాన్ని దానితోనే గుణించి రెండింతలు చేస్తే వచ్చే లెక్క ఇది. తేడా ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు ప్యానెల్‌లో ఒక టెర్మినల్ వదులైపోయి ఉంటుంది. కరెంట్ ఆఫ్ చేసి, టెస్టర్ పెట్టి నిజంగా ఆఫ్ అయిందని చూసుకుని, స్క్రూలు బిగించే పని. ఇది ఎలక్ట్రీషియన్ మాత్రమే చేయాలి.

బేరింగ్‌ది ఇంకో కథ. బాల్ బేరింగ్ మీద లోడ్ రెండింతలు చేస్తే దాని లైఫ్ సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. బెల్టు మరీ టైట్‌గా బిగించారనుకోండి, ఆ బరువంతా బేరింగ్ మీదే పడుతుంది. మరీ లూజ్‌గా ఉంటే బెల్టు జారి కాలుతుంది. అందుకే ఒక కొలత పెట్టారు. రెండు పుల్లీల మధ్య మీటర్ దూరం ఉంటే, మధ్యలో బెల్టుని సరైన బలంతో నొక్కినప్పుడు సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలి. ఇంకోటి, మూడు బెల్టులు ఉన్న పుల్లీలో ఒకటి తెగితే ఒకటే మార్చకండి. కొత్తది పొట్టిగా, పాతవి సాగి ఉంటాయి. లోడంతా కొత్తది ఒక్కటే మోస్తుంది. సెట్ మొత్తం మార్చాలి.

గ్రీజు దగ్గర అందరం చేసే పని ఏంటంటే, గన్ పెట్టి బయటికి ఉబికి వచ్చే వరకు కొట్టడం. "నిండా పెట్టిన, ఇంక ఏం కాదు" అంటారు. బేరింగ్‌లో ఖాళీ జాగాలో మూడో వంతు నుంచి సగం వరకు గ్రీజు ఉంటే చాలు. నిండా కుక్కితే లోపల బాల్స్ ఆ గ్రీజుని చిలుకుతూ వేడెక్కుతాయి. నూనె వేరైపోయి గ్రీజు గట్టిపడుతుంది. కడుపు నిండాక కూడా బలవంతంగా తినిపించినట్టు అన్నమాట.

ఇక నీళ్లు. మోల్డింగ్ మెషీన్ల హైడ్రాలిక్ ఆయిల్‌ని చల్లబరచడానికి ఆయిల్ కూలర్ ఉంటుంది. బోరు నీళ్లు నేరుగా వాడే చోట ఆ ట్యూబుల లోపల సున్నంలాగా పొర కడుతుంది. ఇంట్లో గీజర్ కాయిల్ మీద చూస్తారే, అదే. పొర మందమయ్యే కొద్దీ ఆయిల్ చల్లబడదు. 60 డిగ్రీలు దాటిందంటే ఆయిలూ పాడవుతుంది, సీళ్లూ గట్టిపడి లీకవుతాయి. అప్పుడు అందరూ సీల్ మారుస్తారు. నెలకి మళ్లీ లీక్. రోగం కూలర్‌లో ఉంటే మందు సీల్‌కి వేస్తే ఎట్లా?

గాలికి కూడా బిల్లు వస్తుంది

కంప్రెసర్ ఉన్న ఏ షెడ్డుకైనా మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో వెళ్లండి. మెషీన్లన్నీ ఆగి ఉంటాయి. కానీ ఎక్కడో "సుస్స్" అని సౌండ్ వస్తుంటుంది. అది లీకేజీ. 7 బార్ ప్రెషర్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే, ఆ వృథా గాలి కోసమే కంప్రెసర్ సుమారు 3 కిలోవాట్లు తింటుంది. రోజుకి 10 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 9,000 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 72,000. ఒక్క చిన్న రంధ్రానికి! సబ్బు నీళ్లు, పాత బ్రష్, టెఫ్లాన్ టేప్. అంతే కావాల్సింది. కొత్తగా యూనిట్‌లో అడుగుపెట్టినప్పుడు నేను ముందు చేసే పని ఇదే. కరెంట్ బిల్లు తగ్గితే ఓనర్ మన మిగతా మాటలు కూడా వింటాడు.

ఎక్కువ చేసినా ప్రమాదమే

ఇప్పుడు మీలో కొందరికి డౌట్ రావచ్చు. అంటే ప్రతి వారం మెషీన్ మొత్తం విప్పి మళ్లీ బిగిస్తే ఇంకా మంచిదా? కాదు. ఇదే చాలామందికి తెలియని పాయింట్.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళం కోస్టల్ కమాండ్‌లో వాడింగ్టన్ అనే సైంటిస్టు విమానాల రిపేర్ల రికార్డులు తీసి చూశాడు. ప్రతి 50 గంటలకోసారి ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్లు. ఇన్‌స్పెక్షన్ అయ్యాక రిపేర్లు తగ్గాలి కదా? రికార్డుల్లో మాత్రం ఇన్‌స్పెక్షన్ అయిన వెంటనే రిపేర్లు పెరిగాయి, తర్వాత మెల్లగా తగ్గాయి. అంటే బాగున్నదాన్ని విప్పడమే సమస్య తెచ్చిపెడుతోంది. తర్వాత 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నోలన్, హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం ఒక పెద్ద రిపోర్ట్ రాశారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో సుమారు 11 శాతానికే వయసుతో పాటు పాడయ్యే లక్షణం కనిపించింది. మిగతా 89 శాతానికి "ఇన్ని గంటలకి మార్చేయాలి" అనే రూల్ వల్ల లాభం లేదు.

విమానం వేరు, మన మోల్డింగ్ మెషీన్ వేరు. ఆ శాతాలు మనకి అలాగే వర్తించవు. కానీ పాఠం ఒకటే. తుడవడం, చూడటం, వినడం, బిగించడం, ఆయిల్ లెవల్ చెక్ చేయడం ఎన్నిసార్లు చేసినా తప్పు లేదు. విప్పడం మాత్రం కారణం ఉంటేనే.

మీ ఫోన్‌తో ఏం చేయొచ్చు?

ఇది మీకు నచ్చే పార్ట్. ఫోన్‌లో యాక్సిలరోమీటర్ ఉంటుంది. స్క్రీన్ అడ్డంగా తిప్పితే వీడియో తిరిగేది దానివల్లే. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఫ్రీగా దొరుకుతుంది. అందులో వైబ్రేషన్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి చూపిస్తుంది.

ఒక మోటార్ నిమిషానికి 1,440 సార్లు తిరుగుతోంది. 60తో భాగిస్తే సెకనుకి 24. అంటే ఆ మోటార్‌లో బ్యాలెన్స్ తేడా ఉంటే గ్రాఫ్‌లో 24 హెర్ట్జ్ దగ్గర గీత పైకి లేస్తుంది. మెషీన్ ఫ్రేమ్ మీద, తిరిగే భాగాలకి దూరంగా, ప్రతి నెలా అదే చోట ఫోన్ పెట్టి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈ నెల గీత పోయిన నెల గీత కన్నా రెండింతలు ఉందంటే ఏదో జరుగుతోందని అర్థం. కానీ ఒక హెచ్చరిక. ఫోన్ సెన్సర్ సెకనుకి కొన్ని వందల సార్లే కొలుస్తుంది. బేరింగ్‌లో మొదట పుట్టే సన్నటి పగులు దానికి దొరకదు. దానికి అసలైన వైబ్రేషన్ మీటర్ కావాలి. ఫోన్ థర్మామీటర్ లాంటిది, స్కానింగ్ మెషీన్ కాదు.

ఇవేమీ వద్దనుకున్నా, కెమెరా చాలు. రోజూ ఒకే టైమ్‌కి ప్రెషర్ గేజ్, ఆయిల్ లెవల్, టెంపరేచర్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో వేయండి. తేదీ, టైమ్ అదే వస్తుంది. మూడు నెలలకి మీ దగ్గర ఒక రికార్డ్ ఉంటుంది.

అసలు విషయం: చేతులు

ఇక్కడ కొంచెం సీరియస్‌గా వినండి. నాచారం వైపు ఒక ప్యాకింగ్ యూనిట్, పేరు వద్దు. అక్కడ కన్వేయర్ చైన్‌కి గార్డ్ ఉంది, దాన్ని తీయాలంటే ఎనిమిది బోల్టులు విప్పాలి. చైన్‌కి రోజూ ఆయిల్ కొట్టాలి. రోజూ ఎనిమిది బోల్టులు ఎవరు విప్పుతారు? ఎవరో ఒకసారి గార్డ్ తీసి గోడకి ఆనించి పెట్టారు. అది అక్కడే ఉండిపోయింది. ఒకరోజు ఒడిశా నుంచి వచ్చిన హెల్పర్, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, చైన్ నడుస్తుండగానే ఆయిల్ కొట్టబోయాడు. చేతికి గ్లౌజ్ ఉంది. గ్లౌజ్ చైన్‌లో పట్టుకుంది. రెండు వేళ్ల కొసలు పోయాయి.

ఆ తర్వాత నన్ను పిలిచారు. అందరూ "వాడు చూసుకోలేదు" అంటున్నారు. నేను వాళ్లని అడిగింది ఒక్కటే: "ఆయిల్ కొట్టే పాయింట్ గార్డ్ లోపల ఎందుకుంది?" గార్డ్ బయటికి ఒక సన్నటి కాపర్ పైపు లాగి, చివర చిన్న ఆయిల్ కప్పు పెట్టాం. గార్డ్‌ని మళ్లీ బిగించాం. అరపూట పని. ఇప్పుడు గార్డ్ తీయకుండానే, మెషీన్ దగ్గరికి చెయ్యి పోకుండానే ఆయిల్ వేయొచ్చు. ఆ కుర్రాడికి వేళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇందులోంచి రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, మెయింటెనెన్స్ చేయడం కష్టంగా ఉంటే జనం షార్ట్‌కట్ వెతుక్కుంటారు. మనిషిని తిట్టే ముందు ఆ పనిని తేలిక చేయండి. రెండు, తిరిగే మెషీన్ దగ్గర గ్లౌజ్ కాపాడదు, లాగేస్తుంది. వదులు చొక్కా, మెడలో కండువా, చేతికి దారాలు కూడా అంతే.

1948 ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 22 దీని గురించే. నడుస్తున్న మెషీన్‌ని పరిశీలించడం, ఆయిల్ వేయడం లాంటివి తప్పనిసరైతే, ప్రత్యేకంగా ట్రైనింగ్ తీసుకుని, ఒంటికి బిగుతైన బట్టలు వేసుకుని, రిజిస్టర్‌లో పేరు రాసి ఉన్న మనిషే చేయాలని అందులో ఉంది. 2025 నవంబర్‌లో ఆ చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిసింది. చట్టం పేరు మారినా చైన్‌కి కనికరం రాదు కదా.

కాబట్టి పద్ధతి ఇది. మెయిన్ ఆఫ్ చేయాలి. దానికి తాళం వేయాలి. తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉండాలి. "పని జరుగుతోంది, ఆన్ చేయొద్దు" అని తెలుగులో, హిందీలో రాసి తగిలించాలి. హైడ్రాలిక్ ప్రెషర్, గాలి ప్రెషర్ వదిలేయాలి. ఆ తర్వాత ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి మెషీన్ నిజంగా స్టార్ట్ కావట్లేదని చూసుకోవాలి. అప్పుడే చెయ్యి పెట్టాలి. తాళం ఖరీదు రెండు మూడు వందలు.

విశాఖలో జరిగింది

మెయింటెనెన్స్ అంటే గ్రీజు, బెల్టు మాత్రమే కాదని మన తెలుగువాళ్లందరికీ తెలిసొచ్చిన రోజు 2020 మే 7. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్ నుంచి తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో ప్లాంట్ నడవట్లేదు. కానీ ట్యాంకులో స్టైరీన్ అలాగే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం చెప్పిందంటే, టెంపరేచర్ కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగు వైపే ఉంది, పై భాగంలో ఎంత వేడెక్కిందో తెలిసే దారి లేదు. చల్లబరిచే వ్యవస్థ 24 గంటలూ నడవలేదు. ప్రమాదం జరిగాక సైరన్ మోగలేదు.

ఆగి ఉన్న ప్లాంట్‌కి కూడా మెయింటెనెన్స్ కావాలి. ఇదే నేను చెప్పాలనుకున్నది. దసరా సెలవులకో, సంక్రాంతికో యూనిట్ మూసి ఊరెళ్లిపోతారు కదా, మళ్లీ తెరిచే రోజు చాలా జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. అలారం పనిచేస్తోందా అని అలారం మోగించి చూడాలి. రిజిస్టర్‌లో టిక్ పెట్టి కాదు.

ఉప్పల్‌లోనే ఒక మంచి ఉదాహరణ

చెడ్డవే కాదు, మంచిది కూడా మన ఏరియాలోనే ఉంది. హైదరాబాద్ మెట్రోకి ఉప్పల్‌లో ఒకటి, మియాపూర్‌లో ఒకటి డిపోలు ఉన్నాయి. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది. హ్యుందాయ్ రోటెమ్ తయారుచేసిన మూడు కోచ్‌ల రైళ్లు 57 వచ్చాయి. రాత్రి చివరి సర్వీస్ అయిపోయి, పొద్దున మొదటి రైలు బయల్దేరే లోపు ఉన్న కొన్ని గంటల్లోనే ట్రాక్ మీద, లైన్ మీద చాలా పని జరగాలి. రైళ్లని కూడా అన్నీ ఒకేసారి ఆపరు. కొన్ని నడుస్తుంటే కొన్ని డిపోలో చెకింగ్‌లో ఉంటాయి. మనం ఏసీలో కూర్చుని రీల్స్ చూసుకుంటూ వెళ్తున్నామంటే ఆ రాత్రి డ్యూటీ వాళ్ల పుణ్యమే.

"వాళ్లకి డబ్బులున్నాయి, మాకెక్కడివి" అంటారు చిన్న యూనిట్ల వాళ్లు. నిజమే. కానీ "ఆగే టైమ్ ఎప్పుడు దొరుకుతుందో ముందే చూసుకుని, పనిని దాంట్లో ఇరికించడం" అనే ఐడియాకి డబ్బులు అక్కర్లేదు. పాతవాళ్లని అడగండి, 2012, 13 టైమ్‌లో పవర్ హాలిడేలు ఉండేవి. కరెంట్ లేదని చాలామంది తలపట్టుకు కూర్చుంటే, కొన్ని చోట్ల అదే రోజు మెషీన్లు తుడిచి, ఆయిల్ మార్చేవాళ్లు.

దసరా ఒక్కరోజే ఎందుకు?

మన దగ్గర పీఎం అనేది ఎప్పటి నుంచో ఉందండీ. దాని పేరు ఆయుధ పూజ. దసరాకి ఏ షెడ్డుకైనా వెళ్లి చూడండి. మెషీన్‌ని శుభ్రంగా కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు, గుమ్మడికాయ కొడతారు. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన వాళ్లు సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజ చేస్తారు. ఆ తుడిచేటప్పుడే ఎవరో ఒకరు అంటారు, "అరే, ఈడ బోల్టు లేదు చూడు. ఈ పైపు పగిలింది చూడు." ఏడాదంతా మురికి కింద దాక్కున్నది ఆ ఒక్కరోజు కనిపిస్తుంది.

జపాన్‌లో సెయిచి నకజిమా అనే ఆయన టీపీఎం అనే పద్ధతికి ఆద్యుడు. 1971లో నిప్పన్‌డెన్సో కంపెనీ దీనికి అవార్డు కూడా తీసుకుంది. ఆ పద్ధతిలో గుండెకాయ లాంటి మాట ఏంటంటే, తుడవడమే తనిఖీ. మెషీన్ నడిపే ఆపరేటరే దాన్ని రోజూ తుడవాలి, చూడాలి, వినాలి. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చేది పెద్ద పనికి. మనం దసరాకి చేసేదే వాళ్లు రోజూ షిఫ్ట్‌కి పది నిమిషాలు చేస్తారు. తేడా అంతే.

ఎంత బాగా చేస్తున్నామో కొలవడానికి వాళ్లు ఓఈఈ అనే లెక్క పెట్టారు. మెషీన్ నడవాల్సిన టైమ్‌లో ఎంత నడిచింది, ఎంత స్పీడ్‌లో నడిచింది, వచ్చిన సరుకులో మంచిది ఎంత. ఈ మూడూ గుణించాలి. 90 శాతం, 90 శాతం, 95 శాతం అనుకోండి, విడివిడిగా చూస్తే అన్నీ ఫస్ట్ క్లాసే. గుణిస్తే 77 కూడా రాదు. 85 వస్తే చాలా మంచి ఫ్యాక్టరీ అని లెక్క.

రేపటి నుంచి ఎలా మొదలుపెట్టాలి?

సాఫ్ట్‌వేర్ కొనకండి. ఒక పొడుగు నోట్ బుక్ చాలు.

మొదటి వారం, ఏ మెషీన్ ఆగితే మొత్తం ఆగుతుందో అది ఒక్కటి ఎంచుకోండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే పదిహేను రోజుల్లో నోట్ బుక్ మూలన పడుతుంది.

రోజూ ఆపరేటర్ చేసేవి ఐదు రాయండి: తుడవడం, ఆయిల్ లెవల్, లీకులు, కొత్త సౌండ్, గార్డులు ఉన్నాయా లేదా.

వారానికోసారి: బెల్టు టెన్షన్, ఫిల్టర్లు, ఫౌండేషన్ బోల్టులు, కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదలడం.

నెలకోసారి: ప్యానెల్ టెర్మినల్స్, మోటార్ కరెంట్ ఎంత తీసుకుంటోంది, ఎమర్జెన్సీ స్టాప్ పనిచేస్తోందా.

ఏడాదికోసారి చట్టప్రకారం చేయించాల్సినవి వేరే పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి. బాయిలర్ ఉంటే దాని సర్టిఫికెట్ తేదీ, క్రేన్లు, చైన్ బ్లాకుల పరీక్ష తేదీ. గూడ్స్ లిఫ్ట్ ఉంటే దాన్ని ఆరు నెలలకోసారి చూపించాలి.

మెషీన్ ఆగిన ప్రతిసారీ మూడు మాటలు రాయండి. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది. "మోటార్ కాలింది" అని రాసి వదిలేయకండి. ఎందుకు కాలింది? లోడ్ ఎక్కువైంది. ఎందుకు? బేరింగ్ జామ్. ఎందుకు? లోపలికి నీళ్లు వెళ్లాయి. ఎందుకు? పైన పైపు లీక్. ఇప్పుడు బాగుచేయాల్సింది మోటార్ కాదు, పైపు.

చివరిగా, జాబ్ కోసం చూస్తున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మెయింటెనెన్స్ పనిలో గ్లామర్ లేదు. బాగా చేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. "ఏం పని చేస్తున్నావయ్యా, మెషీన్లన్నీ బాగానే నడుస్తున్నయి కదా" అని ఓనర్లే అడుగుతారు. అందుకే ఆ నోట్ బుక్ ఉండాలి. పోయిన ఏడాది ఇన్ని గంటలు ఆగింది, ఈ ఏడాది ఇన్ని గంటలే అని చూపిస్తే, జీతం అడగడానికి అదే మీ సర్టిఫికెట్. ఐటీఐ ఫిట్టర్ అయినా, బీటెక్ అయినా, ఇంటర్వ్యూలో ఆ పేజీ తెరిచి చూపించగలిగిన మనిషిని పక్కన పెట్టడం కష్టం.

రేపు షిఫ్ట్‌కి వెళ్లగానే ముందు ఒక పని చేయండి. మీ మెషీన్ చుట్టూ ఒకసారి తిరిగి, గోడకి ఆనించి పెట్టిన గార్డ్ ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే, మెయిన్ ఆఫ్ చేసి, బిగించాకే స్టార్ట్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో బేరింగ్ సౌండ్స్ రికార్డ్ చేసి వినిపిస్తా, ఏది మంచిదో ఏది పోయేదో చెవితో పట్టుకోవడం ఎలాగో చూద్దాం. అప్పటి వరకు ఉంటాను, జాగ్రత్త. నమస్తే.